పదకొండేళ్లు లెక్కలు రాశాను, దానికి కాలేజీలో క్రెడిట్లు ఇస్తారా?

సుజాత_ఎడిసన్ · జనవరి 11

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ మీరు రాసేవన్నీ చదువుతున్నాను, నేను రాయడం ఇదే మొదటిసారి. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఇంటర్‌లో సీఈసీ చదివి బీకాంలో చేరాను. రెండో సంవత్సరం పరీక్షలు రాశాక పెళ్లయింది, మూడో సంవత్సరం అలాగే ఆగిపోయింది. తర్వాత విజయవాడలో ఒక హోల్‌సేల్ బట్టల కొట్టులో పదకొండేళ్లు అకౌంట్స్ చూశాను. మొదట్లో చిట్టా, ఆవర్జా చేత్తోనే రాసేవాళ్లం, ఆ తర్వాత ట్యాలీ వచ్చింది, వ్యాట్ పోయి జీఎస్టీ వచ్చింది, ప్రతిసారీ అడిగి తెలుసుకుని నేనే నేర్చుకున్నాను. ఆడిటర్ గారు వచ్చేసరికి ట్రయల్ బ్యాలెన్స్, అంటే డెబిట్, క్రెడిట్ మొత్తాలు సమానంగా రావాల్సిన పట్టిక, సరిచూసి పెట్టడం నా పని.

న్యూజెర్సీ వచ్చి ఐదేళ్లయింది. వయసు 43. అకౌంటింగ్‌లో డిగ్రీ చేయాలని ఉంది. పోయిన నెల ఒక కాలేజీకి వెళ్లి అడిగితే అక్కడి కౌన్సెలర్, మీ దగ్గర డిగ్రీ లేదు కాబట్టి మొదటి నుంచి 120 క్రెడిట్లూ, అంటే డిగ్రీకి కావాల్సిన కోర్సులన్నీ, చదవాల్సిందే అన్నారు. బయటికొచ్చి కారులో కూర్చుని ఏడ్చాను, నిజంగా. డెబిట్ అంటే ఏమిటో నేర్చుకోవడానికి మళ్లీ ఒక సెమిస్టరు, దానికి వేల డాలర్లు కట్టాలా? పక్కింటావిడ మాత్రం అనుభవానికి కూడా క్రెడిట్లు ఇస్తారని చెబుతున్నారు. నిజమేనా? తెలిసినవాళ్లు చెప్పండి దయచేసి.

రమణ_డాలస్ · జనవరి 11

అక్కా టెన్షన్ పడకండి. మూడేళ్ల ఉద్యోగం ఒక ఏడాది చదువుతో సమానం అని రూలే ఉంది. మా ఫ్రెండ్ ఒకతను బీఎస్సీ మూడేళ్లే చదివాడు, హెచ్‌1బీ వీసాకు వేసేటప్పుడు అతని ఉద్యోగానుభవం కలిపి నాలుగేళ్ల డిగ్రీతో సమానమని లాయర్ చూపించాడు. మీకు పదకొండేళ్లు కాబట్టి మూడేళ్లకు పైగా చదివినట్టే లెక్క. ఆ కాలేజీ వాళ్లకు తెలియక అలా అని ఉంటారు.

వెంకట్_ఆస్టిన్ · జనవరి 11

రమణా, మీరు చెప్పిన రూలు ఉన్న మాట నిజమే గానీ అది ఇమిగ్రేషన్ వాళ్ల లెక్క. హెచ్‌1బీ ఉద్యోగానికి మనిషి అర్హుడా కాదా అని తేల్చుకోవడానికి మూడేళ్ల అనుభవాన్ని ఒక ఏడాది చదువుగా చూస్తారు. దానివల్ల డిగ్రీ చేతికి రాదు, ఏ కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్ మీదా, అంటే చదివిన కోర్సుల రికార్డు మీదా, ఒక్క క్రెడిట్ కూడా పడదు. అలా సమానమని రాయించుకున్న లెటర్ పట్టుకుని కాలేజీకి వెళితే పక్కన పెట్టేస్తారు. మనవాళ్లలో చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుని నెలలు పోగొట్టుకోవడం చూశాను, అందుకే గట్టిగా చెబుతున్నాను.

సుజాత గారూ, అసలు సంగతి ఇంకొకటి ఉంది. మీరు రెండేళ్లు బీకాం చదివి పరీక్షలు పాసయ్యారు కదా? అది బయట నేర్చుకున్నదేమీ కాదు, యూనివర్సిటీ చదువే. ముందు దాన్ని రాబట్టుకోండి. మార్కుల మెమోలు, ట్రాన్‌స్క్రిప్ట్ తెప్పించి నేసెస్ సంఘంలో సభ్యత్వం ఉన్న, విదేశీ చదువు అమెరికాలో దేనికి సమానమో తేల్చే ఎవాల్యుయేషన్ సంస్థకు, అంటే వెస్, ఈసీఈ లాంటి వాటికి పంపండి. కోర్సుల వారీ రిపోర్టు అడగండి, మొత్తం మీద ఇంత చదివారు అని ఒక్క ముక్కలో చెప్పే రిపోర్టుతో లాభం లేదు. ఆ కౌన్సెలర్ డిగ్రీ ఉందా అని అడిగి, లేదనగానే ఆపేసినట్టున్నారు. కోర్సులు ఏమైనా పూర్తి చేశారా అని అడిగి ఉంటే సమాధానం వేరుగా వచ్చేది.

సుజాత_ఎడిసన్ · జనవరి 12

వెంకట్ గారూ, ఇది నాకు తట్టనే లేదు. పూర్తికాని డిగ్రీ అంటే ఏమీ లేనట్టే అనుకున్నాను ఇన్నాళ్లూ. మెమోలు మా అమ్మ దగ్గర ట్రంకు పెట్టెలో ఉండాలి. అన్నయ్యకు ఫోన్ చేస్తాను.

కల్యాణి_టాంపా · జనవరి 12

సుజాత గారూ, మీ పోస్టు చదివి నా పాత రోజులు గుర్తొచ్చాయి, నేను 38లో మొదలుపెట్టాను. మీకు ముఖ్యంగా తెలియాల్సింది క్లెప్ గురించి, అంటే క్లాసులో కూర్చోకుండానే కాలేజీ క్రెడిట్ తెచ్చుకునే పరీక్షలు. 1967 నుంచి ఉన్నాయి. శాట్, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు పెట్టే కాలేజ్ బోర్డే వీటినీ నడుపుతుంది. మొత్తం 34 సబ్జెక్టులు. మీరు ఎక్కడ నేర్చుకున్నారు, ఎలా నేర్చుకున్నారు అని ఎవరూ అడగరు. టెస్ట్ సెంటర్‌కు వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చుని గంటన్నర పరీక్ష రాస్తే మార్కు అక్కడే స్క్రీన్ మీద కనిపిస్తుంది, వ్యాసాలు ఉండే ఇంగ్లిష్ కాంపోజిషన్‌కు మాత్రం ఆగాలి. మార్కులు 20 నుంచి 80 దాకా. 50 వస్తే క్రెడిట్ ఇవ్వొచ్చని అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ సిఫారసు చేస్తుంది. అది సిఫారసు మాత్రమే, ఇవ్వాలా వద్దా అన్నది మీ కాలేజీ ఇష్టం. తప్పు సమాధానానికి మార్కులు కోయరు కాబట్టి ఏ ప్రశ్నా వదిలేయకండి.

ఫీజు వంద డాలర్ల లోపే, దానిమీద సెంటర్ వాళ్లు వేరే కొంచెం తీసుకుంటారు. ఆ ఫీజు కూడా తప్పించుకునే దారి ఉంది. మోడర్న్ స్టేట్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఆన్‌లైన్లో ఉచితంగా కోర్సులు పెట్టింది, కోర్సు పూర్తి చేస్తే పరీక్ష ఫీజుకు వోచర్ ఇస్తారు. నేను రాసిన ఆరు పరీక్షల్లో నాలుగు ఆ వోచర్లతోనే రాశాను.

మీకు ఫైనాన్షియల్ అకౌంటింగ్, మేనేజ్‌మెంట్, బిజినెస్ లా, మార్కెటింగ్, రెండు ఎకనామిక్స్ పేపర్లూ ఉన్నాయి, ఒక్కొక్కటి మామూలుగా 3 క్రెడిట్లు. పాసైన సబ్జెక్టు ట్రాన్‌స్క్రిప్ట్ మీద క్రెడిట్‌గా పడుతుంది గానీ జీపీఏలో, అంటే సగటు గ్రేడులో, కలవదు.

ఒకటి మాత్రం ముందే చెబుతాను. నేను కాలేజ్ ఆల్జీబ్రాలో మొదటిసారి 46 దగ్గర ఆగిపోయాను. మళ్లీ అదే పరీక్ష రాయాలంటే మూడు నెలలు ఆగాలి. వారం చదివి వెళ్లిపోవడం వల్ల జరిగింది అది, రెండోసారి రెండు నెలలు రోజూ కూర్చున్నాను.

ఫ్లోరిడాలో ఒక సుఖం ఉంది, ఏ క్లెప్ పరీక్షకు ఎంత మార్కు వస్తే ఎన్ని క్రెడిట్లు ఇవ్వాలో ప్రభుత్వ కాలేజీలన్నిటికీ కలిపి రాష్ట్రమే ఒక పట్టిక పెట్టింది. మీ దగ్గర కాలేజీ కాలేజీకీ మారొచ్చు, కాబట్టి పరీక్షకు డబ్బు కట్టకముందే ఆ కాలేజీ రిజిస్ట్రార్ ఆఫీసుకు మెయిల్ పెట్టి రాతపూర్వకంగా సమాధానం తెప్పించుకోండి. నోటిమాట నమ్మొద్దు.

వెంకట్_ఆస్టిన్ · జనవరి 12

కల్యాణి గారు చెప్పినదానికి చిన్న చేర్పు. పేరున్న ప్రైవేటు యూనివర్సిటీల్లో చాలావి క్లెప్‌ను ఒప్పుకోవు. ఇంకోటి, క్లెప్ ఒప్పుకునే కాలేజీ కూడా మేజర్‌కు, అంటే ప్రధాన సబ్జెక్టుకు ఒప్పుకోకపోవచ్చు, ఎలక్టివ్ (ఐచ్ఛికం) కింద వేసి ఊరుకుంటుంది. మీ మేజరే అకౌంటింగ్ కాబట్టి మెయిల్‌లో ఈ ప్రశ్న విడిగా అడగండి. తర్వాత సీపీఏ (మన సీఏ లాంటిది) ఆలోచన ఉంటే రాష్ట్ర బోర్డు ఏం ఒప్పుకుంటుందో కూడా ఇప్పుడే చూసుకోండి.

మూర్తి_మాస్టారు_గుంటూరు · జనవరి 13

నేను 31 ఏళ్లు కామర్స్ పాఠం చెప్పి రిటైరయ్యాను. మా అబ్బాయి అమెరికాలో ఉండబట్టి ఈ పేజీ చూస్తుంటాను. అమ్మా సుజాతా, నీ మనసు నొప్పించాలని కాదు, కానీ నాకు అనిపించింది చెప్పకపోతే నేను మాస్టారిని కాదు.

కొట్టులో లెక్కలు రాయడం, అకౌంటెన్సీ చదవడం ఒకటి కాదు. ఎంట్రీ ఎలా వేయాలో తెలియడం వేరు, ఎందుకు అలా వేస్తామో తెలియడం వేరు. ట్యాలీ వచ్చాక బటన్ నొక్కితే బ్యాలెన్స్ షీట్ వస్తుంది, దాని వెనక ఏం జరిగిందో చెప్పమంటే చాలామంది గుమస్తాలు నోరు తెరవరు. ఒక సెమిస్టరంతా కూర్చుని, తప్పులు చేసి, దిద్దించుకుని నేర్చుకున్న పిల్లకీ, గంటన్నరలో గుర్తులు పెట్టి వచ్చినవాళ్లకీ ఒకే క్రెడిట్ ఇవ్వడం నాకు న్యాయంగా తోచదు. చదువు అంటే సమాచారం ఒక్కటే కాదు, నలుగురితో కూర్చుని వాదించుకోవడం, గురువు ప్రశ్న అడిగితే తడబడి మళ్లీ ఆలోచించడం కూడా.

సుజాత_ఎడిసన్ · జనవరి 14

మాస్టారూ, మీరన్నది నిన్నంతా ఆలోచించాను. కోపం రాలేదు, కానీ ఒక్క సంగతి చెప్పుకోవాలి.

చేత్తో రాసే రోజుల్లో ఒకసారి ట్రయల్ బ్యాలెన్స్ 5,400 తేడా వచ్చింది. రెండు రోజులు పుస్తకాలన్నీ తిరగేశాను, దొరకలేదు. ఓనరు గారు ఆ తేడాను సస్పెన్స్‌లో, అంటే తేలని మొత్తాలు వేసే ఖాతాలో, పడేయమన్నారు, నాకు మనసొప్పలేదు. మూడో రోజు రాత్రి కూర్చుని అంతకుముందు దొరికిన తప్పులన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. 27, 180, 450, 63. అన్నీ తొమ్మిదితో పోతున్నాయి. అవన్నీ పక్కపక్క అంకెలు అటూ ఇటూ రాసిన తప్పులే. అప్పుడు 5,400ను తొమ్మిదితో భాగించాను, 600 వచ్చింది. అంటే వేల స్థానంలోనూ వందల స్థానంలోనూ ఉన్న అంకెలు తారుమారై ఉండాలి, ఆ రెండు అంకెల మధ్య తేడా ఆరు ఉండాలి. ఒకటి ఏడు, రెండు ఎనిమిది, మూడు తొమ్మిది, ఇలాంటి జతలే వెతికాను. పావుగంటలో దొరికింది. సూరత్ పార్టీ ఖాతాలో 17,100 బదులు 11,700 ఎక్కించాం.

ఇది నాకు ఎవరూ చెప్పలేదు మాస్టారూ. ఏ పుస్తకంలోనూ చదవలేదు. దీన్ని చదువు అనకపోతే ఏమనాలో నాకు తెలియదు.

మూర్తి_మాస్టారు_గుంటూరు · జనవరి 14

అమ్మా, పొద్దున్నే చదివాను, ఇప్పుడు సాయంత్రం రాస్తున్నాను. తొమ్మిదితో భాగించి చూసే ఆ పద్ధతి నేను ఏటా బోర్డు మీద రాసి చెప్పేవాణ్ని. అరవై మందిలో పరీక్ష అయ్యాక గుర్తున్నవాళ్లు నలుగురుంటే గొప్ప. నువ్వు దాన్ని నీ తప్పుల్లోంచి వెతికి పట్టుకున్నావు, స్థానం ఏదో కూడా లెక్కగట్టావు. గుమస్తాలు నోరు తెరవరు అన్న నా మాట నీ విషయంలో తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను.

గంటన్నర పరీక్ష మీద నా అనుమానం అలాగే ఉంది. కానీ నీలాంటిదాన్ని మళ్లీ మొదటి బెంచీలో కూర్చోబెట్టి డెబిట్, క్రెడిట్ చెప్పడం మాత్రం అన్యాయమే.

హరిత_ట్రెంటన్ · జనవరి 15

మాస్టారి అనుమానానికి నా దగ్గర ఒక జవాబు ఉంది, ఎందుకంటే నేను పరీక్ష దారిలో పోలేదు.

ముందు ఒక సంగతి. ఈ క్రెడిట్ అనే కొలత పుట్టిందే గంటల లెక్కతో. 1906లో కార్నెగీ ఫౌండేషన్ వాళ్లు ప్రొఫెసర్లకు పెన్షన్లు ఇవ్వడానికి పూనుకున్నప్పుడు, ఏది కాలేజీయో ఏది కాదో తేల్చుకోవడానికి చదువును గంటల్లో కొలవడం మొదలుపెట్టారు. అదే అందరికీ అలవాటైపోయింది. అంటే బెంచీ మీద ఎంతసేపు కూర్చున్నావు అన్నది కొలిచారు, ఎంత నేర్చుకున్నావు అన్నది కాదు. ఈ లెక్క మీదే తరాల తరబడి పనిచేసేవాళ్లు నష్టపోయారు, నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇది.

మా ఊళ్లో థామస్ ఎడిసన్ స్టేట్ యూనివర్సిటీ ఉంది. 1972లో పెద్దవాళ్ల చదువు కోసమే పెట్టారు. న్యూయార్క్‌లో ఎక్సెల్సియర్, కనెటికట్‌లో చార్టర్ ఓక్ కూడా ఆ రోజుల్లో ఇదే ఉద్దేశంతో వచ్చినవి. నేను పన్నెండేళ్లు చిన్నపిల్లల డే కేర్‌లో పనిచేశాను. దానికి పోర్ట్‌ఫోలియో పెట్టాను. అంటే ముందు వాళ్ల కోర్సుల్లోంచి నాకు తెలిసిన విషయానికి సరిపోయే కోర్సు ఎంచుకోవాలి. ఆ కోర్సు చివర విద్యార్థికి ఏమేం వచ్చి ఉండాలని రాశారో చూసి, ఒక్కొక్కదానికీ నాకు అది ఎలా వచ్చు, ఎక్కడ నేర్చుకున్నాను, దాని వెనక సూత్రం ఏమిటి అని రాసి, రుజువులు జతచేయాలి. ఆ సబ్జెక్టు చెప్పే ప్రొఫెసరే చదివి తేలుస్తారు. మాస్టారూ, మీరు కోరుకున్న "ఎందుకు" ఇక్కడ తప్పనిసరిగా రాయాలి.

నేను మొదట రాసింది చూసి మా మెంటర్ వెనక్కి పంపేశారు. పన్నెండేళ్లలో ఏమేం పనులు చేశానో నాలుగు పేజీలు రాశాను. ఆవిడ ఒకే ప్రశ్న వేశారు, ఇందులో మీరు నేర్చుకున్నది ఎక్కడ ఉంది అని. క్రెడిట్ చేసిన పనికి రాదు, ఆ పనిలోంచి నేర్చుకున్నదానికి వస్తుంది. ఏడుపు ఆపుకోలేని రెండేళ్ల పిల్లాణ్ని ఎలా ఊరడించాను అన్నది పని. ఆ వయసులో తల్లి కనబడకపోతే ఎందుకంత భయపడతారు, అది తెలిశాక నేను పొద్దున్నే అప్పగించే పద్ధతిని ఎలా మార్చాను అన్నది నేర్చుకున్నది. ఈ తేడా అర్థం కావడానికి నాకు నెల పట్టింది.

సుజాత గారూ, ఆ తొమ్మిది సంగతి ఇక్కడ రాసినట్టే మీ ఫైల్‌లో రాసి పెట్టుకోండి. పాత ఓనరు గారి దగ్గర నుంచి లెటర్ కూడా తెప్పించండి, ఎన్నేళ్లు పనిచేశారో కాదు, ఏయే పనులు సొంతంగా చేసేవారో వివరంగా ఉండాలి.

నవీన్_కూకట్‌పల్లి · జనవరి 18

నాకు ఒక మెయిల్ వచ్చింది, రెజ్యూమే పంపితే చాలు, అనుభవం చూసి పది రోజుల్లో అమెరికా డిగ్రీ ఇంటికి పంపుతాం, 900 డాలర్లు అంటున్నారు. వెబ్‌సైట్ చాలా బాగుంది, భవనం ఫోటోలు కూడా ఉన్నాయి. ఇది కూడా మీరు చెప్పే పోర్ట్‌ఫోలియో లాంటిదేనా?

వెంకట్_ఆస్టిన్ · జనవరి 18

కాదు నవీన్. ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. అనుభవానికి డిగ్రీ మొత్తం ఇచ్చే నిజమైన యూనివర్సిటీ ఏదీ లేదు. నిజమైనవి కొన్ని క్రెడిట్లు ఇస్తాయి, మిగతాది వాళ్ల దగ్గర చదవమంటాయి. కరాచీ నుంచి నడిచిన ఒక కంపెనీ వందల నకిలీ యూనివర్సిటీల పేర్లతో ప్రపంచమంతా ఇలాంటి డిగ్రీలు అమ్మిన సంగతి 2015లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది, వాటికీ భవనాల ఫోటోలు ఉండేవి. అమెరికా విద్యాశాఖ వెబ్‌సైట్‌లో గుర్తింపు ఉన్న కాలేజీల జాబితా ఉంది, పేరు కొట్టి చూడు. గుర్తింపు ఇచ్చిన సంస్థ పేరు కూడా ఆ శాఖ ఒప్పుకున్నదేనా అని చూడు, ఎందుకంటే గుర్తింపు సంస్థల్లో కూడా నకిలీవి ఉన్నాయి. అలాంటి డిగ్రీ వీసా ఫారంలో రాస్తే జీవితాంతం వెంటాడుతుంది.

శ్రీను_ఓరుగల్లు · జనవరి 20

అమెరికా సంగతులే కాకుండా మన దగ్గర పరిస్థితి కూడా చెబుతాను, నవీన్ లాంటివాళ్లకు పనికొస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల స్వయం పోర్టల్ 2017లో మొదలైంది. అందులో ఎన్‌పీటెల్ కోర్సులు ఉంటాయి, ఐఐటీల ప్రొఫెసర్లు చెబుతారు, వినడం ఉచితం. పరీక్షకు మాత్రం ఫీజు కట్టి సెంటర్‌కు వెళ్లి రాయాలి. వారం వారం అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. పన్నెండు వారాల కోర్సుకు మామూలుగా 3 క్రెడిట్లు. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులో ఒక ప్రోగ్రాంకు ఉన్న కోర్సుల్లో 40 శాతం దాకా ఇలా స్వయం నుంచి తీసుకోవడానికి యూనివర్సిటీ అనుమతించొచ్చు, అంతకుముందు 20 శాతమే ఉండేది. ఆ క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో, అంటే విద్యార్థి క్రెడిట్లు దాచే ఆన్‌లైన్ ఖాతాలో పడతాయి, అది కూడా 2021లోనే వచ్చింది.

కానీ చెప్పినంత తేలిక కాదు. మా తమ్ముడు ఎన్‌పీటెల్‌లో 78 శాతంతో పాసై సర్టిఫికెట్ పట్టుకెళితే, సెమిస్టరు మొదట్లోనే మా దగ్గర అనుమతి తీసుకోలేదు కాబట్టి చెల్లదన్నారు అతని కాలేజీలో. చదివింది చదివాడు, పాసయ్యాడు, క్రెడిట్ మాత్రం లేదు. అందుకే ఎవరు చదివినా ముందు డిపార్ట్‌మెంట్‌లో లెటర్ ఇచ్చి సంతకం తీసుకోండి.

ఉద్యోగంలో నేర్చుకున్నదానికి క్రెడిట్ అన్నది 2023 నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్‌లో ఉంది, 30 గంటలు నేర్చుకున్నదానికి ఒక క్రెడిట్ అని కొలత కూడా పెట్టారు. మా షెడ్డులో ఇరవై ఏళ్లుగా మోటార్లు చుట్టే అన్న ఉన్నాడు, ఇంజనీరింగ్ పిల్లలు ప్రాజెక్టుల కోసం అతని దగ్గరికే వస్తారు. అతనికి ఒక్క క్రెడిట్ రాసి ఇచ్చే రోజు కోసం చూస్తున్నాను.

సత్తయ్య_నల్గొండ · జనవరి 21

నేను పదో తరగతి ఫెయిలై లారీ ఆఫీసులో పనికి కుదిరాను. అప్పట్లో అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో ఎలిజిబిలిటీ టెస్ట్ ఉండేది. ఇంటర్ లేకపోయినా ఆ పరీక్ష పాసైతే బీఏలో సీటు. 1982లో పెట్టిన ఆ యూనివర్సిటీ దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. పేపర్లు చదివి చదివి నాకు వచ్చిన జనరల్ నాలెడ్జీతోనే ఆ టెస్ట్ గట్టెక్కాను. అది క్రెడిట్ కాదు, లోపలికి రానివ్వడం మాత్రమే, మూడేళ్లూ చదివాను, ఆదివారం ఆదివారం స్టడీ సెంటర్‌కు పోయి. కానీ ఆ రోజు ఆ తలుపు తెరవకపోతే నేను ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాసేవాణ్ని కాదు. సుజాత చెల్లెమ్మా, వెనకడుగు వేయకు.

లక్ష్మి_ఫ్రీమాంట్ · జనవరి 22

పిల్లలున్నవాళ్ల కోసం ఒక మాట. మా అబ్బాయికి ఇంట్లో నేర్చుకున్న తెలుగు స్కూల్లో పనికొచ్చింది. సిలికానాంధ్ర మనబడి తెలుగు చదువుకు కొన్ని స్కూల్ డిస్ట్రిక్టులు హైస్కూల్లో విదేశీ భాష క్రెడిట్ ఇస్తున్నాయి, మీ డిస్ట్రిక్టు ఇస్తుందో లేదో అడగండి. కాలేజీ స్థాయిలో క్లెప్‌లో స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ మాత్రమే ఉన్నాయి, తెలుగు లేదు. అయితే భాషా బోధకుల సంస్థ ఆక్ట్‌ఫుల్ వాళ్లు పెట్టే మాట్లాడే పరీక్ష తెలుగులోనూ ఉంది, దానికి క్రెడిట్ ఇచ్చే కాలేజీలు ఉన్నాయి. నా కొడుకు అమ్మమ్మతో ఫోన్లో మాట్లాడుతూ నేర్చుకున్న భాష ట్రాన్‌స్క్రిప్ట్ మీద కనబడితే మా అమ్మకు చెప్పి చూపించాను, ఆవిడ ఎంత సంతోషపడిందో.

సుజాత_ఎడిసన్ · మార్చి 9

ఇన్నాళ్లు రాయలేదు, క్షమించండి. మెమోలు దొరికాయి, ఒకటి చెదలు పట్టింది, అన్నయ్య రెండుసార్లు తిరిగి డూప్లికేట్ తీసుకున్నాడు. ఎవాల్యుయేషన్ రిపోర్టు వచ్చింది, 46 క్రెడిట్లు చూపించారు. వేరే కాలేజీకి వెళ్లాను ఈసారి. కల్యాణి గారు చెప్పినట్టు అన్నీ మెయిల్‌లోనే అడిగాను. 39 ఒప్పుకున్నారు. ఫైనాన్షియల్ అకౌంటింగ్ క్లెప్ 50 వస్తే మేజర్ కిందే మొదటి కోర్సుకు సరిపెడతామని రాతపూర్వకంగా ఇచ్చారు. ఇంట్లో ఆ మెయిల్ ప్రింట్ తీసి ఫైల్‌లో పెట్టాను.

ప్రాక్టీస్ పరీక్ష రాస్తే 44 వచ్చింది. లెక్కలు తెలిసినవే, మాటలే వేరు. భయంగా ఉంది.

మూర్తి_మాస్టారు_గుంటూరు · మార్చి 10

భయం దేనికమ్మా, మాటల దగ్గరే కదా ఆగింది, అది నా పని. రాసుకో. మన సండ్రీ డెటార్స్ వాళ్లకు అకౌంట్స్ రిసీవబుల్. మన బిల్స్ రిసీవబుల్ వాళ్లకు నోట్స్ రిసీవబుల్. బ్యాడ్ డెట్స్‌కు మనం ప్రొవిజన్ అంటాం, వాళ్లు అలవెన్స్ అంటారు. ప్రాఫిట్ అండ్ లాస్ అకౌంట్‌ను ఇన్‌కమ్ స్టేట్‌మెంట్ అంటారు. అన్నిటికన్నా ముఖ్యం, స్టాక్ అంటే మనకు కొట్లో సరుకు, వాళ్లకు షేర్లు. సరుకును ఇన్వెంటరీ అంటారు. నీకు మార్కులు పోయింది అక్కడే అని నా అనుమానం.

ఇంకొకటి, నువ్వు కొట్టులో ఎప్పుడూ చూసి ఉండవు. చివర కొన్న సరుకే ముందు అమ్మినట్టు లెక్కగట్టే లైఫో పద్ధతిని మన అకౌంటింగ్ స్టాండర్డ్ 2 ఒప్పుకోదు. అమెరికాలో చెల్లుతుంది, కాబట్టి ప్రశ్న తప్పకుండా వస్తుంది. ధరలు పెరిగే కాలంలో లైఫో వాడితే లాభం తక్కువ కనబడుతుంది, పన్ను తగ్గుతుంది. ఎందుకో నువ్వే లెక్క వేసి నాకు పంపు. ఆదివారం మా అబ్బాయి చేత వీడియో కాల్ పెట్టిస్తాను.

సుజాత_ఎడిసన్ · జూన్ 2

63 వచ్చింది! స్క్రీన్ మీద చూసి మళ్లీ చూశాను. మా వాడు బయట కారులో ఉన్నాడు, వాడికి చెబుతుంటే గొంతు పూడుకుపోయింది. డిసెంబరులో కూడా ఆ కారులోనే ఏడ్చాను.

మాస్టారూ, లైఫో మీద ప్రశ్నలు వచ్చాయి. మీకు పంపిన లెక్క లాంటిదే ఒకటి. ఐదు ఆదివారాలు మీరు నా కోసం కూర్చున్నారు, మీ చేత్తో మార్కులు వేయించుకున్నట్టే అనిపించింది.

సెప్టెంబరులో కాలేజీలో చేరుతున్నాను, 42 క్రెడిట్లతో. పోర్ట్‌ఫోలియో సంగతి అక్కడ చేరాక అడగమన్నారు. ఆగస్టులో బిజినెస్ లా రాద్దామనుకుంటున్నాను. బీకాంలో మర్కంటైల్ లా చదివాను గానీ ఆ కోర్సు వాళ్లు ఒప్పుకోలేదు, మీ దేశం చట్టం అన్నారు.

కల్యాణి_టాంపా · జూన్ 2

సుజాతా! 63 అంటే నాకన్నా ఎక్కువ. చాలా చాలా సంతోషం. ఆ మార్కులు కాలేజీకి పంపమని పరీక్ష రాసే రోజే ఎంచుకుంటే ఉచితం, తర్వాత అయితే ఫీజు, ఎంచుకున్నావు కదా?

సుజాత_ఎడిసన్ · జూన్ 2

ఎంచుకున్నానండీ. మీరు ముందొకసారి మెసేజ్‌లో చెప్పారు, గుర్తుంది.

మూర్తి_మాస్టారు_గుంటూరు · జూన్ 3

శుభం. చట్టం విషయంలో వాళ్లన్నదాంట్లో కొంత నిజం ఉందమ్మా, అక్కడే జాగ్రత్త పడాలి. మైనరుతో ఒప్పందం మన దగ్గర మొదటి నుంచీ చెల్లదు, 1903లో మొహిరీ బీబీ కేసులో అప్పటి అత్యున్నత న్యాయస్థానం ప్రీవీ కౌన్సిల్ తేల్చింది, నీకు గుర్తుండే ఉంటుంది. అమెరికాలో అలా కాదు, ఒప్పందం ఉంటుంది, కావాలంటే మైనరు దాన్ని రద్దు చేసుకోవచ్చు. అలాగే ఇదివరకే జరిగిపోయిన పనికి తర్వాత ఇచ్చిన మాట మన 1872 కాంట్రాక్ట్ చట్టం కింద చెల్లుతుంది, అక్కడ మామూలుగా చెల్లదు. ఈ రెండూ ముందు చూసుకో, మిగతావి ఆదివారం.